వివాహితకు దేశమేది?

మన యిండ్లలో కన్యకు మంగళసూత్రము పడిన నాటినుండి యింటిపేరు మారును, గోత్రము మారును, పురిటికి పుట్టినింటికి వచ్చినను ఆమెను ఫలానివారి కోడలనియే నలుగురును చెప్పుకొందురు. పుట్టినది మొదలు చూచుచున్న యాచారమగుటచే దీనియందు వింత యెవరికిని తోచదు. కాని యింటిపేరుతోపాటు ఆమె దేశమును గూడ మారిపోవునని యెవరైన జెప్పినచో మా పాఠకురాండ్రు నవ్వుదురు. పుట్టిన గడ్డ పుట్టిన గడ్డయే కదా, అది పురోహితుడు మంత్రము చదువగానే యెట్లు మారునని యడుగుదురు. అయినను నూరేండ్లకు బూర్వము, నాగరకములని పేరుపొందిన దేశములలో ననేకము సరిగా నిట్లే శాసించుచుండెను. ఆ శాసనములను మాన్పించుటకై దేశదేశముల స్త్రీలు కూడి చేసిన పాటును, అది ఫలించినంతవరకు ఫలించిన విధమును, నేటికిని మిగిలియున్న కొఱతను మా సోదరీమణులకు దెలుపగోరి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

పౌరసత్వమనగా ఒక మనిషి ఫలాని దేశమునకు జెందినదని ఆ దేశపు చట్టము ఒప్పుకొనుట. మాట చిన్నదిగా గనబడును గాని సంసారములో దీని పని మిక్కిలి పెద్దది. పౌరసత్వము గలచోట నిలిచియుండుటకు ఎవరి యనుమతియు నక్కఱలేదు, వోటు వేయవచ్చును, సర్కారు కొలువునకు దరఖాస్తు పెట్టవచ్చును, పరదేశమున నాపద వచ్చినపుడు తన దేశపు రాయబారి కార్యాలయమునకు బోయి సహాయము గోరవచ్చును. అది లేని తల్లి పిల్లలను బడిలో వేయుటకును, ఆసుపత్రికి గొనిపోవుటకును, కడకు భర్త గతించిన పిమ్మట ఆ యింటనే కాలము గడుపుటకును ఒకరు వ్రాసియిచ్చు కాగితమునకై కాచుకొని యుండవలసివచ్చును. అంతటి దానిని పెండ్లిపీటల మీదనే, ఆమె నొక్కమాటయైన నడుగకయే, తీసివేయు చట్టములు పుట్టినవి.

వీనికి మూలము ఫ్రాన్సుదేశమున 1804లో వెలసిన నెపోలియను ధర్మశాస్త్రమని చెప్పవచ్చును. ఫ్రెంచివాని బెండ్లాడిన పరదేశ స్త్రీ ఫ్రెంచిదగుననియు, పరదేశీయుని బెండ్లాడిన ఫ్రెంచి స్త్రీ భర్త దేశమునకే జెందుననియు అందు వ్రాయబడెను. ఇతర రాజ్యము లనేకము దానిని జూచి వ్రాసికొనినవి. ఇంగ్లండు 1844లో పరదేశపు కోడండ్రను తనవారిగా జేర్చుకొనెను. 1870లో పరదేశీయుల బెండ్లాడిన తన కూతుండ్రను త్రోసివైచెను. అమెరికా సంయుక్త రాష్ట్రములు మొదటి పనిని 1855లోను, రెండవ పనిని 1907లోను చేసినవి. కుటుంబమున కంతటికి నొకే దేశముండుట మేలని యీ శాసనకర్తలు చెప్పిన యుక్తి. ఆ యుక్తిలో కొంత నిజము లేకపోలేదు. ఆలుమగలు చెఱియొక దేశమువారైనచో యుద్ధకాలమున సంసారము రెండు తెగలగును. కాని యేకత్వమే కావలసియున్నచో ఒక్కమాఱైనను భర్త భార్య దేశమునకు మారవలసివచ్చెనా యని వెదకి చూడగా నట్టి శాసన మీ రాజ్యములలో గనబడదు. మారవలసిన దెల్లప్పుడు నామెయే.

ఇందు మఱియొక గోతియు గలదు. భార్య పుట్టిన దేశము ఆమెను విడిచివేయును. భర్త దేశమేమో, మా గడ్డమీద ఇన్నేండ్లు కాపురముండి, దరఖాస్తు పెట్టి, ప్రమాణము చేసిననే గాని మా మనిషివి కావనును. ఆ నడుమ నామె యేదేశమునకును జెందక యుండును. పుట్టినింటివారు తలుపు మూసిరి, అత్తింటివారు తీయలేదు, వీథియరుగే గతియైనది. ఇట్టివారిని చట్టమునెఱిగినవారు రాజ్యరహితులందురు.

ఎతెల్ మెకంజీ యను నామె కథ యీ చట్టముల గుణమును మనకు చక్కగా బోధించును. ఈమె అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టి పెరిగినది. 1909లో గార్డన్ మెకంజీ యను స్కాట్లండు గాయకుని వివాహమాడి శాన్‌ఫ్రాన్సిస్కో నగరముననే కాపుర ముండెను. ఇల్లు విడువలేదు, ఊరు విడువలేదు, సముద్రము దాటలేదు. కాలిఫోర్నియా స్త్రీలకు వోటుహక్కు కావలెనని పనిచేసినవారిలో నీమెయు నొకతె. 1911లో ఆ హక్కు వచ్చినది. 1913లో ఆమె వోటరుపట్టికలో పేరు వ్రాయించుకొనబోగా, అచటి యధికారి నీవు అమెరికా పౌరురాలవు కావు, నీ భర్త బ్రిటిషు ప్రజ గావున నీవును బ్రిటిషు ప్రజవేయని త్రిప్పి పంపెను. తాను పోరాడి తెచ్చిన వోటు తనకు దక్కలేదు! ఆమె యూరకుండక న్యాయస్థానముల కెక్కెను. వ్యాజ్యెము సుప్రీముకోర్టువఱకు బోయి 1915లో తీర్పైనది. పరదేశీయుని బెండ్లాడినచో నేమగునో ముందుగా నెఱిగియుండియే యామె తన యిష్టముచొప్పున వివాహము చేసికొనినది గావున, పౌరసత్వమును దానే వదలుకొనినట్లు భావింపవలెనని న్యాయమూర్తులు నిర్ణయించిరి. వరుని వలచినందున దేశమును విడిచినట్లేయని దీని తాత్పర్యము. పరదేశపు కన్యను బెండ్లాడిన అమెరికా పురుషుని విషయమున ఈ న్యాయ మేల వర్తింపలేదో ఆ తీర్పును జదివిన మాకు బోధపడలేదు.

అప్పటికి ఐరోపాలో మహాసంగ్రామము ప్రారంభమై యుండెను. జర్మనుల బెండ్లాడి లండనులో కాపురముండిన యింగ్లీషు స్త్రీలు 1914లో ఒక్కదినమున శత్రుదేశపు ప్రజలైరి. జర్మను భాషలో నొక్కమాటయైన రానివారును, జర్మనీ నెన్నడును చూడనివారును గూడ పోలీసువారియొద్ద పేళ్లు వ్రాయించుకొనవలసివచ్చెను. ఇష్టము వచ్చినచోటికి బోవుటకు వీలులేదు. తాము పుట్టిన వీథిలోనే అనుమానముతో జూడబడిరి. చట్టములోని లోపము గ్రంథములలో నున్నంతకాలము కొద్దిమందికే తెలిసియుండెను. యుద్ధము దానిని వేలకొలది యిండ్ల వాకిండ్లకు దెచ్చెను.

అమెరికాలో 1920లో స్త్రీలందఱకు వోటు రాగానే వారి మాటకు బలము గలిగినది. 1922లో కేబుల్ శాసన మను నొక చట్టము వచ్చి, పరదేశీయుని వివాహమాడినంతమాత్రమున అమెరికా స్త్రీ తన పౌరసత్వమును గోల్పోదని చెప్పెను. కాని యందొక మెలిక యుంచిరి. పౌరసత్వమునకు అర్హులు గాని జాతులవారిని బెండ్లాడినవారి కీ రక్షణ లేదు. అర్హులు గాని జాతులనగా నాసియావాసులు. మన దేశమువారు తెల్లవారు కారు గావున అమెరికా పౌరులు కాజాలరని 1923లో భగత్‌సింగ్ థిండ్ వ్యాజ్యెమున సుప్రీముకోర్టు తీర్పు చెప్పియుండుటచే ఈ మెలిక మనవారికిని దగిలినది. వంగదేశీయుడును, స్వాతంత్ర్యోద్యమమున బనిచేసినవాడును నగు తారకనాథదాసు అంతకుముందే అమెరికా పౌరుడై యుండెను. ఆయనను వివాహమాడిన మేరీ యను అమెరికా వనిత, ప్రభుత్వము భారతీయుల పౌరసత్వములను రద్దుచేయ బూనుకొనుటతో తన పౌరసత్వమునకును ముప్పు వాటిల్లగా, దేశము లేని స్త్రీనైతినని 1926లో నొక పత్రికలో వ్రాసినది. కృష్ణాగోదావరీ తీరములనుండి యెందఱో యువతీయువకులు నేడు ఆ దేశమునకు బోయి కాపురములు చేసికొనుచున్నారు. వారికి బూర్వులైన భారతీయుల బెండ్లాడిన స్త్రీల గతి యిట్లుండెనని వారిలో నెందఱికి దెలియునో! ఆ మెలికను 1931లో గాని తీసివేయలేదు.

ఒక దేశములో చట్టము మారినను ఈ చిక్కు విడిపోదు. పౌరసత్వము రెండు దేశముల నడుమనున్న తలుపు. ఒకవైపు గడియ తీసినను రెండవవైపు మూసియున్నచో దాటుట కాదు. కావున దేశము లన్నియు గలిసి యొడంబడిక చేసికొనవలెనని మొదట గ్రహించినవారు స్త్రీలే. అందు క్రిస్టల్ మాక్మిలన్ అను స్కాట్లండు వనితను ప్రత్యేకముగా బేర్కొనవలెను. ఈమె ఎడింబరో విశ్వవిద్యాలయమున విజ్ఞానశాస్త్ర పట్టమందిన ప్రథమ మహిళ, 1908లో పట్టభద్రులైన స్త్రీల వోటుకై ప్రభువుల సభ యెదుట స్వయముగా వాదించి యోడిపోయినది, 1924లో న్యాయవాదియైనది. వివాహితల పౌరసత్వమును గూర్చి యంతర్జాతీయ స్త్రీవోటుహక్కు సంఘమువారి పక్షమున నొక యొడంబడిక ముసాయిదాను తయారుచేయించి, 1923లో రోమునగరమున జరిగిన మహాసభలో నంగీకరింపజేసెను. ప్రభుత్వములు చేయవలసిన పనిని, ఏ ప్రభుత్వమునందును స్థానములేని స్త్రీలు ముందుగా చేసిపెట్టిరన్నమాట.

1930వ సంవత్సరము మార్చి మాసమున హేగ్ నగరములో నానాజాతి సమితివారు అంతర్జాతీయ న్యాయమును క్రోడీకరించుటకై యొక సమావేశమును గావించిరి. పౌరసత్వము అందు విచారింపబడు విషయములలో నొకటి. వినవలసిన స్త్రీలు వెలుపలను, నిర్ణయింపవలసిన పురుషులు లోపలను నుండిరి. మాక్మిలన్, అమెరికానుండి వచ్చిన డోరిస్ స్టీవెన్స్, ఆలిస్ పాల్ మొదలగువారు రాయబారములు నడిపిరి, ఊరేగిరి, ప్రతినిధులను వదలక పట్టుకొనిరి. ఫలితము స్వల్పము. వివాహముచేత స్త్రీ రాజ్యరహిత కాకుండ కొంత కట్టుదిట్టము చేసిరి గాని, భర్తననుసరించి మారుట యను మూలసూత్రమును కదల్పలేదు. భర్త దేశము తీసికొన్ననే పుట్టినదేశము విడువవలెనట! సగము రొట్టె దొరకినదని కొందఱును, ఈ సగము తిన్నచో తక్కిన సగ మెన్నటికిని రాదని మఱికొందఱును స్త్రీలలోనే వాదించుకొనిరి. ఈ రెండవ పక్షమువారిది మొండిపట్టని యప్పుడు చాలమంది యనిరి. మాకు మాత్రము వారి మొండితనమే తరువాతి పనికి మూలమైనట్లు తోచుచున్నది.

ఏలయన, వెంటనే 1931లో నానాజాతి సమితి ఈ విషయమున స్త్రీల యభిప్రాయమును దెలిసికొనుటకై 8 మహిళాసంఘముల ప్రతినిధులతో నొక సలహాసంఘము నేర్పఱచెను. ఆ యెనిమిదింటిలో అఖిల ఆసియా మహిళాసభ యొకటి. ఆ సభ 1931 జనవరిలో లాహోరులో సమావేశమైనది. దానిని తలపెట్టి నడిపిన మార్గరెట్ కజిన్స్ దొరసాని మన మదనపల్లెలో నివసించి, 1919లో జనగణమన గీతమునకు స్వరములు కూర్చిన యామెయే. సరోజినీదేవిగారిని అధ్యక్షురాలిగా నెన్నుకొనిరి గాని యామె అప్పుడు కారాగారములో నుండుటచే సభకు రాలేకపోయినది. మన మదనపల్లె చెఱువుగట్టున తిరుగాడిన యామె మాట జెనీవా సభాభవనమువఱకు బోయినదన్నచో మనము సంతసింపవచ్చును గదా.

అటనుండి మేలైన వార్త దక్షిణ అమెరికానుండి వచ్చినది. డోరిస్ స్టీవెన్స్ అధ్యక్షతను 1928లో వెలసిన అమెరికాఖండ మహిళాసంఘము పట్టుదలచే, 1933 డిశంబరులో ఉరుగ్వే రాజధానియైన మాంటివీడియోలో ఆ ఖండపు రాజ్యములు ఒక యొడంబడిక వ్రాసికొనినవి. పౌరసత్వ విషయమున స్త్రీపురుష భేదము పాటింపరాదని అందలి ముఖ్యవాక్యము. స్త్రీల హక్కులనుగూర్చి రాజ్యములు చేసికొనిన యొడంబడికలలో నిట్లు సమానత్వమునే స్పష్టముగా జెప్పినది ఇదియే మొదటిది. క్రిస్టల్ మాక్మిలన్ 1937లో మరణించెను. ఆమె దేశమైన బ్రిటను 1948లో గాని యింగ్లీషు స్త్రీకి స్వతంత్రమైన పౌరసత్వము నీయలేదు.

రెండవ మహాసంగ్రామానంతరము నానాజాతి సమితి స్థానమున ఐక్యరాజ్యసమితి వచ్చెను. 1946లో స్త్రీల స్థితినిగూర్చి విచారించుట కొక ప్రత్యేక సంఘ మేర్పడి, మఱుసటి సంవత్సరము ఫిబ్రవరిలో మొదట సమావేశమైనది. అందు మన దేశపక్షమున బేగం షరీఫా హమీద్ అలీగారు కూర్చుండిరి. మానవహక్కుల ప్రకటన తయారగునపుడు, పురుషులందఱు స్వతంత్రులని యున్న మాటను మానవులందఱు నని మార్పించినవారు మన హంసా మెహతాగారు. పురుషుడన్న స్త్రీయును అందులోనిదే కదాయని కొందఱు సర్దిచెప్పజూచిరట. పదునైదేండ్లు హేగ్, జెనీవాల చుట్టు తిరిగినవారి యనుభవమును బట్టి చూడగా, చట్టములో పేరు లేనివారికి చట్టములో భాగమును లేదు. 1948లో వెలువడిన ఆ ప్రకటనలో ప్రతివారికిని పౌరసత్వహక్కు గలదను వాక్యమును చేరినది. 1957లో వివాహితల పౌరసత్వపు టొడంబడిక వచ్చినది. వివాహమైనను, విడాకులైనను, భర్త తన దేశమును మార్చుకొనినను, భార్య పౌరసత్వము దానంతట నదియే మారదని అందు గలదు. రోములో ముసాయిదా వ్రాసిన 34 ఏండ్లకు!

ఇంతటితో కథ ముగిసెననుకొనరాదు. భార్య హక్కు వచ్చినది. తల్లి హక్కు రాలేదు. పరదేశీయుని బెండ్లాడిన స్త్రీ తన పౌరసత్వమును నిలుపుకొనవచ్చును గాని దానిని కన్నబిడ్డ కీయలేదు. తొమ్మిదిమాసములు మోసినది తల్లి; బిడ్డకు దేశమిచ్చువాడు తండ్రి. ఈ లోపమును దీర్చుటకే 1979 డిశంబరులో ఐక్యరాజ్యసమితి యంగీకరించిన స్త్రీవివక్షానిర్మూలనపు టొడంబడికలో 9వ యధికరణము రెండు భాగములుగా వ్రాయబడినది. మొదటిది భార్యనుగూర్చి, రెండవది, బిడ్డల పౌరసత్వ విషయమున తల్లికిని తండ్రికిని సమానహక్కు లుండవలెనని. ఒడంబడికలో చేరగోరిన దేశము తన చట్టమును దానికి దగినట్లు దిద్దుకొనవలెను. జపాను చేరుటకై 1984లో తన పౌరసత్వచట్టమును మార్చి, జపాను తల్లి బిడ్డలకును పౌరసత్వము వచ్చునట్లు చేసెను. కాని చాల రాజ్యములు ఒడంబడికలో చేరుచునే ఈ 9వ యధికరణము మాకు వర్తింపదని యడుగున వ్రాసికొనినవి. పెండ్లి పత్రికలో పేరు వేయించుకొని, విందునకు మాత్రము రానట్టివారు వీరు.

ఒడంబడిక కాగితము మీద నుండుట వేఱు. అది యొక యింటిలోనికి వచ్చుట వేఱు. ఆ రెండింటి నడుమ నొక స్త్రీ నిలువబడి వ్యాజ్యెము వేయవలసివచ్చినది. దక్షిణాఫ్రికా ప్రాంతమున బోట్స్వానా యను దేశము గలదు. 1966లో స్వతంత్రమైనది. అచట యూనిటీ డౌ అను న్యాయవాదురాలు 1984లో పీటర్ డౌ అను అమెరికా దేశీయుని వివాహమాడెను. వివాహమునకు బూర్వము 1979లో నొక కుమార్తెయు, తరువాత 1985లోను 1987లోను ఇద్దఱు బిడ్డలును గలిగిరి. ముగ్గురును బోట్స్వానాలోనే యొక్క తల్లి యింట పెరుగుచుండిరి. 1980 తరువాత వచ్చిన క్రొత్త చట్టమును బట్టి, తండ్రి పౌరుడైననే బిడ్డకు పౌరసత్వము; తల్లిదండ్రులకు వివాహము కాకున్నయెడల మాత్రము తల్లివలన బిడ్డకు పౌరసత్వము. అందుచే మొదటి బిడ్డ ఆ దేశమునకు జెందినది. పెండ్లియైన పిమ్మట పుట్టిన యిద్దఱును పరదేశీయులు! తండ్రికి సర్కారువారిచ్చిన నివాసపు టనుమతి యున్నంతకాలమే వారును తల్లిదేశమున నుండవచ్చును. ధర్మముగా వివాహమాడుట యొక నేరమైనట్లున్నది. స్త్రీలకు వివాహమే గతియని బోధించు సంఘములో, వివాహమైన తల్లిని వివాహము కాని తల్లికన్న దిగువ నిలిపిన యీ చట్టమును వ్రాసినవారు దీనిని గమనింపలేదా, గమనించియు నూరకుండిరా యని మాకు సందేహము.

యూనిటీ డౌ తన ప్రభుత్వముపైననే వ్యాజ్యెము వేసెను. ప్రభుత్వ న్యాయవాదులు రెండు వాదములను దెచ్చిరి. రాజ్యాంగములో వివక్ష కూడదని చెప్పుచోట జాతి, తెగ, పుట్టిన చోటు, మతము మొదలగునవి పేర్కొనబడినవి గాని స్త్రీపురుష భేదమను మాట లేదు. అది మఱచి విడిచినది గాదు, తెలిసియే విడిచినదని మొదటి వాదము. మా సంఘము పితృవంశమును బట్టి నడచునది, స్త్రీపురుషులను సమానులను జేసినచో ఆచారమంతయు తలక్రిందులగునని రెండవది. ఇది మనకు క్రొత్త వాదము గాదు. ఏ దేశమున స్త్రీ యేమడిగినను మొదట వచ్చు సమాధాన మిదియే. 1991లో పైకోర్టు న్యాయమూర్తి హార్విట్జ్, స్త్రీలను పురుషుల యిష్టమునకు లోబడు సొత్తుగా జూచు కాలము గతించినదని చెప్పి ఆమె పక్షమున తీర్పిచ్చెను. ప్రభుత్వము అప్పీలు చేసెను. 1992 జూలైలో అయిదుగురు న్యాయమూర్తులలో ముగ్గు రామె పక్షము వహించిరి. ఆచారము రాజ్యాంగమునకు లోబడవలెనే గాని రాజ్యాంగము ఆచారమునకు లోబడదని వారి నిర్ణయము. బోట్స్వానా అప్పటికింక 1979 నాటి యొడంబడికలో చేరియుండలేదు. అయినను లోకమున స్త్రీల హక్కులనుగూర్చి రాజ్యములు చేసిన ప్రకటనలను వ్యాజ్యెములో నుదాహరించిరి. ఎక్కడో జెనీవాలోను న్యూయార్కులోను వ్రాసిన మాట లొక యాఫ్రికా తల్లికి న్యాయస్థానమున చేతికఱ్ఱ లైనవి.

తీర్పు వచ్చిన తరువాతను ప్రభుత్వము తొందరపడలేదు. ఎమాంగ్ బసాది, అనగా స్త్రీలారా లెండు అను పేరుగల యచటి మహిళాసంఘమువారు వెంటబడగా బడగా 1995లో చట్టమును సవరించిరి. యూనిటీ డౌ 1998లో ఆ దేశపు పైకోర్టున ప్రథమ స్త్రీ న్యాయమూర్తియైనది, పిమ్మట మంత్రిణియు నైనది, నవలలును వ్రాసినది.

బోట్స్వానా తరువాత ఆఫ్రికాలోను అరబ్బు దేశములలోను గొన్ని చట్టములు మారినవి: ఈజిప్టున 2004లో, అల్జీరియాలో 2005లో, మొరాకోలో 2007లో, సెనెగలులో 2013లో. 2014లో సమానపౌరసత్వమునకై పలుదేశముల సంఘములు గూడి యొక ప్రపంచోద్యమమును స్థాపించినవి. అయినను ఐక్యరాజ్యసమితి శరణార్థి శాఖవారి 2023 నాటి లెక్కనుబట్టి 24 దేశములలో తల్లికి తండ్రితో సమానమైన యీ హక్కు లేదు. లెబనానులో 1925 నాటి చట్టమే నడచుచున్నది. అచటి పురుషుని బెండ్లాడిన పరదేశపు వధువు ఒక సంవత్సరమునకే లెబనాను పౌరురాలు కావచ్చును. లెబనాను స్త్రీ పరదేశీయునివలన గన్న బిడ్డ మాత్రము, బెయిరూటులో పుట్టి యరబ్బీ తప్ప వేఱుమాట యెఱుగకున్నను, నివాసపు టనుమతిని మరల మరల దిరుగవ్రాయించుకొనుచు బ్రదుకవలెను. అచటి తల్లులు బిడ్డలతో వీథులలో నిలిచి యిరువదేండ్లకు మించి మొఱపెట్టుకొనుచున్నారు.

రబ్బరుతోటలకు మన గంజాము విశాఖపట్టణముల నుండి పోయిన తెలుగువారి సంతతి నేటికిని గల మలేషియాలో, తండ్రి పౌరుడైనచో నతని బిడ్డ పరదేశమున బుట్టినను పౌరుడగును; తల్లికి 1957 నాటి రాజ్యాంగములో నా హక్కు లేకపోయెను. అందుచే నచటి స్త్రీలు నిండుగర్భముతో విమానమెక్కి స్వదేశమునకు వచ్చి ప్రసవించుచుండిరి. మన వారును పురిటికి పుట్టినింటికి వత్తురు గాని అది తల్లిచేతి పథ్యమునకై. వీరు వచ్చినది బిడ్డ కాగితమునకై. 2020లో మహమ్మారిచే విమానములు నిలిచిపోగా రాజాలక చిక్కుకొనినవారు పలువురు. ఆ సంవత్సరాంతమున ఆర్గురు తల్లులును నొక మహిళాసంఘమును వ్యాజ్యెము వేసిరి. 2021లో గెలిచిరి, 2022లో అప్పీలున నోడిరి, 2024లో పార్లమెంటు రాజ్యాంగమునే సవరించి తల్లుల కా హక్కు నొసగెను. కాని యిది యికమీద పుట్టబోవు బిడ్డలకే యట. పోరాడిన తల్లుల పిల్లలు వేఱుగ దరఖాస్తులు పెట్టుకొని కాచుకొనవలసినదే.

ఇతర దేశముల లోపములను ఇంత విస్తరించి వ్రాసి మన యింటి సంగతి దాచుట న్యాయము గాదు. దుర్గాబాయిగారు సభ్యురాలుగా నుండిన రాజ్యాంగసభ వ్రాసిన 5వ యధికరణములో, తల్లిదండ్రులలో నెవ్వరు భారతభూమిని బుట్టినవారైనను చాలునని యుండెను. అంత చక్కని ప్రారంభమైన పిమ్మట 1955లో వచ్చిన పౌరసత్వచట్టము, విదేశమున బుట్టిన బిడ్డకు తండ్రి భారతీయుడైననే పౌరసత్వమని వ్రాసినది. తల్లి మాట లేదు. 37 సంవత్సరములు అట్లే గడచినవి. 1992లో పార్లమెంటు దానిని సవరించి, తల్లిగాని తండ్రిగాని భారతపౌరులైనచో చాలునని మార్చెను. మఱుసటి యేడు జూలైలో మన ప్రభుత్వము 1979 నాటి యొడంబడికను స్థిరపఱచుకొనినది. విదేశములలో కుమార్తెలు గల మా పాఠకురాండ్రకు నొక్క సంగతి. 2004 డిశంబరు 3వ తేదీనుండి, అచట పుట్టిన బిడ్డకు భారతపౌరసత్వము కావలెనన్నచో ఒక సంవత్సరములోపల నచటి భారత రాయబారి కార్యాలయమున జననమును నమోదు చేయింపవలెను, బిడ్డకు వేఱు దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు వ్రాసియీయవలెను. గడువు దాటినచో కేంద్రప్రభుత్వపు టనుమతి కావలసియుండును. బాలెంతరాలి హడావిడిలో దీనిని మఱచువారు పలువురుందురు.

1992 నాటి సవరణయు మలేషియా సవరణవలెనే ముందునకే గాని వెనుకకు వర్తింపదు. ఆ సంవత్సరము డిశంబరు 10వ తేదీన గాని తరువాత గాని విదేశమున బుట్టిన బిడ్డకు తల్లి దేశము వచ్చును. 9వ తేదీ రాత్రి పుట్టిన బిడ్డ విషయమున చట్టము నేటికిని తండ్రినే యడుగుచున్నది.